రాత్రి కనెక్షన్, మధ్య దేశపు సరిహద్దు: గోదావరి డెల్టా ప్రయాణికులు ఎక్కడ ఆగిపోతున్నారు?

రాజోలులోనో పాలకొల్లులోనో భీమవరంలోనో ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లి విదేశీ టికెట్ తీసుకునేవాళ్లు మామూలుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఎంత అవుతుంది? ఎప్పుడు దిగుతాం? మధ్యలో ఎక్కడ ఆగుతుందని ఎవరైనా అడిగినా, "కనెక్షన్ ఉందండి, ఏం పర్లేదు" అన్న జవాబుతో ఆ మాట అక్కడితో అయిపోతుంది. చేతిలో వీసా ఉంది, పాస్‌పోర్టు ఉంది, వాట్సాప్‌లో టికెట్ వచ్చేసింది. ఇంక టెన్షన్ ఎందుకు అనిపిస్తుంది.

ఆ వీసా చివర్లో దిగే దేశానిది. రాత్రంతా ఆగాల్సిన ఊరు మరో దేశంలో ఉంది. దానికీ ఒక ఇమిగ్రేషన్ కౌంటర్ ఉంది, దాని చట్టాలు దానికున్నాయి. అర్ధరాత్రి దాటాక ఆ కౌంటర్ ముందు నిలబడి "లోపలికి రానివ్వం" అనిపించుకున్న మనిషి ఎదురుగా ఉన్న అధికారిని తప్పుపట్టడం సహజం. కొన్నిసార్లు ఆ కోపంలో న్యాయం ఉంటుంది. ఎక్కువసార్లు మాత్రం ఆ నిరాకరణ టికెట్ కొన్న రోజే, మన ఊళ్లోనే ఖాయమైపోయి ఉంటుంది. టికెట్ ఎలా కట్టారన్నదాన్ని బట్టే ఆ రాత్రి సరిహద్దు గీత దాటాల్సి వస్తుందా, దాటకుండానే రెండో విమానం ఎక్కొచ్చా అన్నది తేలుతుంది. అప్పు చేసి, నగలు తాకట్టు పెట్టి పరాయి దేశం బయల్దేరేవాళ్లు ఇంతమంది ఉన్న ప్రాంతంలో ఈ తేడా అందరికీ తెలియాలి.

గీత ఎక్కడుంది

పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయాల్లో చాలావాటికి ట్రాన్సిట్ ఏరియా ఉంటుంది. విమానం దిగి, మళ్లీ ఒకసారి సెక్యూరిటీ చెక్ చేయించుకుని, ఇమిగ్రేషన్ వైపు పోకుండానే రెండో గేటుకు చేరుకోవచ్చు. దోహా, దుబాయ్, అబుదాబి, సింగపూర్‌లలో మనవాళ్లు విమానం మారేది ఎక్కువగా ఇలాగే. అక్కడ ఉన్నంతసేపూ ఆ దేశంలో అడుగుపెట్టినట్టు లెక్కలోకి రాదు.

అలాగని అది ఎవరి చట్టమూ లేని చోటు కాదు. 1992లో పారిస్ ఓర్లీ విమానాశ్రయంలో సోమాలియాకు చెందిన నలుగురు తోబుట్టువులను ఫ్రాన్స్ 20 రోజుల పాటు ఆపి ఉంచింది. వాళ్లు కావాలనుకుంటే వేరే దేశానికి వెళ్లిపోవచ్చు కాబట్టి అది నిర్బంధం కాదని అక్కడి ప్రభుత్వం వాదించింది. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 1996లో ఆ వాదనను ఒప్పుకోలేదు. ట్రాన్సిట్ జోన్ కూడా ఆ దేశ చట్టం కిందికే వస్తుందని, అన్ని రోజులు అలా ఉంచడం స్వేచ్ఛను హరించడమేనని తీర్పు చెప్పింది. రాత్రి ట్రాన్సిట్‌లో కూర్చున్న మనిషికి హక్కులు ఉంటాయి. దేశంలోకి వెళ్లే హక్కు మాత్రం వాటిలో లేదు.

ఈ ట్రాన్సిట్ వెసులుబాటు అన్ని దేశాల్లో ఒకేలా ఉండదు. అమెరికాలో అసలు లేదు. మెక్సికోకు వెళ్తూ అమెరికాలో కేవలం విమానం మారినా ఇమిగ్రేషన్ దాటాల్సిందే, దానికి సీ-1 ట్రాన్సిట్ వీసాయో విజిటర్ వీసాయో ఉండాలి. వీసా లేకుండా విమానం మారనిచ్చే పాత పద్ధతిని 2003లోనే ఆపేశారు. ఆస్ట్రేలియా మీదుగా ఇంకో దేశానికి వెళ్లే భారతీయులు విమానాశ్రయం దాటకపోయినా ట్రాన్సిట్ వీసా తీసుకోవాలి. బ్రిటన్‌లో రెండు రకాలున్నాయి. ఇమిగ్రేషన్ దాటకుండా విమానం మారడానికి ఒకటి, దాటి బయటికి వచ్చి మర్నాటి విమానం ఎక్కడానికి ఇంకొకటి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్లకు మినహాయింపులున్నాయి. కానీ బయటికి వచ్చేవాళ్ల విషయంలో ఆఖరి మాట కౌంటర్‌లో ఉన్న అధికారిదే. పైగా మర్నాడు రాత్రి 11 గంటల 59 నిమిషాల లోపు దేశం విడిచి వెళ్లేట్టు టికెట్ ఉండాలి.

యూరప్‌లో చిక్కు ఇంకో రకం. షెంగెన్ ఒప్పందంలో చేరిన యూరప్ దేశాల మధ్య మామూలుగా సరిహద్దు తనిఖీ ఉండదు కాబట్టి, మొదట దిగిన విమానాశ్రయమే అన్నిటికీ కలిపి సరిహద్దు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి లిస్బన్, అక్కడి నుంచి అమెరికా అని టికెట్ ఉంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే షెంగెన్‌లోకి ప్రవేశించాలి. అలా రెండు షెంగెన్ ఊళ్లు వరసగా ఉన్న టికెట్‌కు ట్రాన్సిట్ మినహాయింపులేవీ అక్కరకు రావు, పూర్తి షెంగెన్ వీసా కావాలి. అమెరికా వీసా చూపించినా కుదరదు. టికెట్లు వెతికిపెట్టే వెబ్‌సైట్లకు ఈ సంగతి పట్టదు, చవకైనదాన్ని పైన చూపిస్తాయంతే. ఒక్క షెంగెన్ ఊరే ఉంటే, ఆ దేశం భారతీయులకు విమానాశ్రయ ట్రాన్సిట్ వీసా అడుగుతుందా లేదా అన్నది చూసుకోవాలి. ఈ నియమాలు మారుతూ ఉంటాయి. పోయినేడాది వెళ్లొచ్చిన బంధువు చెప్పింది ఈ ఏడాదికి పనికొస్తుందని అనుకోవడానికి లేదు.

ఒక టికెట్టా, రెండు టికెట్లా

ట్రావెల్స్ ఆఫీసులో జరిగే పొరపాట్లలో అన్నిటికంటే ఖరీదైనది ఇదే.

మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) కింద ఉంటే మామూలుగా హైదరాబాద్‌లో ఇచ్చిన సూట్‌కేసు నేరుగా చివరి ఊళ్లోనే తీసుకోవచ్చు. రెండో బోర్డింగ్ పాస్ కూడా శంషాబాద్‌లోనే చేతికి వస్తుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, వేరే విమానంలో పంపించే బాధ్యత విమాన సంస్థది. ఇదే ప్రయాణాన్ని రెండు వేర్వేరు టికెట్లుగా కొంటే కొన్ని వేలు తగ్గొచ్చు. ఆ తగ్గింపు వెనక జరిగేది వేరు. మొదటి సంస్థకు మన ప్రయాణం మధ్య ఊరితో అయిపోయింది. సఖినేటిపల్లి రేవులో మనల్ని ఎక్కించుకున్న పంటు నరసాపురం ఒడ్డున దింపుతుంది. అక్కడ బస్సు ఉందో వెళ్లిపోయిందో పంటువాళ్లకు సంబంధం లేదు. రెండు టికెట్ల విమాన ప్రయాణమూ అలాంటిదే, కాకపోతే ఇక్కడ ఒడ్డు దిగాలంటే వీసా కావాలి.

సామాను మధ్య ఊరి బెల్టు మీదికి వస్తుంది. ఆ బెల్టు ఇమిగ్రేషన్ దాటాకే ఉంటుంది. సామాను తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ కౌంటర్‌కు వెళ్లి, రెండో సంస్థకు అప్పగించాలి. గీత దాటే హక్కు లేనివాళ్లకు ఇది కుదిరే పని కాదు. సామాను అటువైపు, మనిషి ఇటువైపు. రెండో విమానం కౌంటర్ తెరిచేది బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలకే కాబట్టి రాత్రంతా అడగడానికి కూడా ఎవరూ దొరకరు. కొన్ని విమానాశ్రయాల్లో ట్రాన్స్‌ఫర్ డెస్కు వాళ్లు సాయం చేస్తారు, కొన్నిచోట్ల చేయరు. చవక విమాన సంస్థల్లో చాలావరకు ఇంకో సంస్థ విమానానికి సామాను పంపే ఏర్పాటే ఉండదు.

ఇంకా ఘోరమైనది విమానాశ్రయం మారడం. దుబాయ్‌లో దిగి షార్జాలో ఎక్కడం, లండన్ హీత్రోలో దిగి గాట్విక్‌లో ఎక్కడం, బ్యాంకాక్‌లో సువర్ణభూమి నుంచి డాన్ మువాంగ్‌కు వెళ్లడం, ఇస్తాంబుల్‌లో ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డున ఉన్న సబీహా గోక్చెన్‌కు చేరడం. టికెట్ మీద ఊరి పేరు ఒకటే కనిపిస్తుంది కాబట్టి ఇబ్బందేమీ లేదనిపిస్తుంది. పక్కన ఉన్న మూడక్షరాల కోడ్ వేరని చదువుకున్నవాళ్లు కూడా గమనించరు. ఆ టికెట్ అమ్మినవాళ్లు గమనించి తీరాలి. అది వాళ్ల వృత్తి, దానికే కమీషన్ తీసుకుంటున్నారు.

రాత్రి ఎందుకు కష్టం

పగటిపూట రెండు గంటల కనెక్షన్‌లో ఈ చిక్కుల్లో చాలామటుకు బయటపడవు. రాత్రి వాటిని బయటికి లాగుతుంది. విమాన టికెట్ల లెక్కలో అంతర్జాతీయ ప్రయాణంలో 24 గంటల లోపు ఆగితే కనెక్షన్, అది దాటితే స్టాపోవర్. దేశాల చట్టాలకు మాత్రం వాటి గడియారాలు వాటికున్నాయి. కొన్నిటికి గంటల లెక్క, కొన్నిటికి తేదీ మారితే లెక్క. కొన్ని విమానాశ్రయాల్లో ట్రాన్సిట్ ఏరియాను రాత్రి మూసేస్తారు, అక్కడ కూర్చుని తెల్లవార్చడానికి వీలుండదు. బయటికి వెళ్లడానికి వీసా లేదు. ఇలాంటి టికెట్ అమ్మడమే తప్పు, కానీ అమ్ముతారు.

విమానం ఆలస్యమైనప్పుడు పరిస్థితి ఇంకా దిగజారుతుంది. యూరోపియన్ యూనియన్ దేశాల నుంచి బయలుదేరే విమానాలకు వర్తించే 2004 నాటి 261వ నిబంధన ప్రకారం, కనెక్షన్ తప్పి రాత్రి ఆగాల్సి వస్తే భోజనం, హోటల్ గది ఇవ్వాల్సిన బాధ్యత విమాన సంస్థది. హోటల్ వోచర్ చేతికిస్తారు. ఆ హోటల్ ఊళ్లో ఉంటుంది. వోచర్ పట్టుకుని ఇమిగ్రేషన్‌కు వెళ్తే వీసా ఏదని అడుగుతారు. విమాన సంస్థ ఇచ్చిన గది హక్కు ఒకటి, దేశంలోకి వెళ్లే అనుమతి ఇంకొకటి. రెండోది విమాన సంస్థ చేతిలో లేదు. కొన్ని దేశాలు ఇలాంటి సందర్భాల్లో ఒక రాత్రికి ప్రత్యేక అనుమతి ఇస్తాయి, కానీ అది దయ, అడిగి సాధించుకునే హక్కు కాదు. ఇవ్వకపోతే కుర్చీలే పరుపు. దోహా, దుబాయ్, సింగపూర్ లాంటి చోట్ల ఇమిగ్రేషన్ దాటకుండానే చేరుకోగల హోటళ్లు విమానాశ్రయం లోపలే ఉన్నాయి. ఖర్చు ఎక్కువైనా, పెద్దవాళ్లు ప్రయాణిస్తున్నప్పుడు రాత్రి కనెక్షన్‌కు ఇలాంటి చోటు ఎంచుకోవడం మేలు.

పెద్దవాళ్ల మాట ఎందుకంటే, డెల్టా నుంచి అమెరికా వెళ్లే ప్రయాణికుల్లో కూతురి పురుటికో కోడలి పురుటికో వెళ్లే తల్లులు, వాళ్లతో వెళ్లే తండ్రులు చాలామంది ఉంటారు. షుగరు, బీపీ మాత్రలు పచ్చళ్ల డబ్బాలతో పాటు పెద్ద సూట్‌కేసులో పెట్టేస్తారు. రాత్రి మధ్య ఊళ్లో ఆగిపోతే సూట్‌కేసు వాళ్లకు అందదు. రెండు మూడు రోజులకు సరిపడా మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలో ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్లయితే మరీను. వెళ్లేటప్పుడు వాళ్లకు సమస్యలు తక్కువ. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటుంది కాబట్టి చాలా దేశాలు ట్రాన్సిట్‌కు అభ్యంతరం పెట్టవు. సింగపూర్ అయితే అలాంటి వీసా ఉన్న భారతీయులను షరతుల మీద 96 గంటల దాకా ఊళ్లోకే రానిస్తుంది. తిరుగు ప్రయాణంలో చూసుకోవాలి. అక్కడ ఉండే గడువు పొడిగించుకున్నా, పాస్‌పోర్టులో వీసా తేదీ దాటిపోయి ఉండొచ్చు. అప్పుడు కొన్ని దేశాల మినహాయింపు పనిచేయదు. అదే ఇబ్బంది వీసా స్టాంపు గడువు తీరిన విద్యార్థులకూ, ఉద్యోగులకూ ఇంటికొచ్చేటప్పుడు ఎదురవుతుంది. అలాంటప్పుడు గల్ఫ్ మీదుగా ట్రాన్సిట్ ఏరియా దాటకుండా వచ్చేట్టు ఒకే టికెట్ తీసుకోవడం క్షేమం.

విద్యార్థుల విషయంలో తెలుసుకోవాల్సిన చోటు అబుదాబి. 2014 నుంచి అక్కడ అమెరికా సరిహద్దు అధికారులే కూర్చుని, అమెరికా విమానం ఎక్కకముందే ఇమిగ్రేషన్ తనిఖీ చేస్తున్నారు. హైదరాబాద్ నుంచి ఆ దారిన వెళ్లే విద్యార్థికి అమెరికా సరిహద్దు నిజానికి ఆ కనెక్షన్‌లోనే వచ్చేస్తుంది. ఏ కాలేజీ, ఫీజు ఎవరు కడుతున్నారు, ఎక్కడ ఉంటావు అన్న ప్రశ్నలకు నిద్రలేని ముఖంతో అక్కడే జవాబు చెప్పాలి. ఫోన్లో పార్ట్‌టైమ్ పని గురించి ఉన్న చాటింగ్ చూసినా అక్కడే ఆపేయొచ్చు. ఇందులో ఒక మేలూ ఉంది. అప్పటికి అమెరికా నేల మీద అడుగు పెట్టలేదు కాబట్టి ఎక్కువగా విమానం ఎక్కనివ్వకుండా వెనక్కి పంపడంతో సరిపెడతారు. అమెరికాలో దిగాక నిరాకరిస్తే, దరఖాస్తు వెనక్కి తీసుకుని స్వచ్ఛందంగా తిరిగి వెళ్లనిస్తారో, ఐదేళ్లు రాకుండా నిషేధంతో పంపిస్తారో అధికారి నిర్ణయం మీద ఉంటుంది.

ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు

అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఈ భాగం. మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, పి.గన్నవరం, ఆచంట, నరసాపురం మండలాల నుంచి కువైట్, మస్కట్, బహ్రెయిన్, ఖతార్‌లకు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు దశాబ్దాలుగా ఉన్నారు. వాళ్లు పంపిన డబ్బుతో కట్టిన డాబా ఇళ్లు, పెళ్లిళ్లు, పిల్లల చదువులు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి.

1983 నాటి వలసల చట్టం ప్రకారం, పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే మహిళలకు కనీసం 30 ఏళ్లు ఉండాలి. వాళ్లను పంపే అధికారం ప్రైవేటు ఏజెంట్లకు లేదు, ప్రభుత్వ సంస్థలకే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది ఓమ్‌క్యాప్, అంటే విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. ఈ దారి నెమ్మదిగా నడుస్తుంది. అందుకని ఏజెంటు అడ్డదారి చూపిస్తాడు. ఉద్యోగ వీసా మీద కాకుండా విజిట్ వీసా మీద ముందు ఒక గల్ఫ్ దేశానికి పంపుతాడు. విజిట్ వీసాకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అడగరు. అక్కడి నుంచి అసలు దేశానికి రెండో టికెట్, రెండో వీసా తర్వాత ఫోన్లో పంపుతానంటాడు.

ఆ మధ్య దేశంలో రాత్రి దిగిన మనిషి పరిస్థితి ఆలోచించాలి. చేతిలో ఒక జిరాక్సు కాగితం. దాని మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఏముందో చదవలేదు. ఎందుకొచ్చావంటే 'టూరిస్ట్' అనాలని నేర్పి పంపారు. ఏ హోటల్, తిరుగు టికెట్ ఏది, డబ్బు ఎంత ఉంది అని కౌంటర్‌లో అడుగుతారు. వేటికీ ఆమె దగ్గర జవాబు లేదు. అధికారి ఆమెను పక్కన కూర్చోబెడతాడు. ఏజెంటు ఫోను స్విచాఫ్. ఆమెకు తెలిసిన భాష తెలుగు ఒక్కటే. ఈ నిరాకరణ అధికారి కాఠిన్యం వల్ల వచ్చిందని చెప్పడం అన్యాయం. అబద్ధపు వీసాను ఆమె చేతిలో పెట్టి, ఆమె నోటితో అబద్ధం చెప్పించినవాడు వేరే ఉన్నాడు. అయినా తిరిగొచ్చాక అప్పు తీర్చాల్సింది ఆమే, వడ్డీ కట్టాల్సింది ఆమే.

నిజానికి ఆ రాత్రి ఆపేయడం ఒక్కోసారి ఆమెకు మేలే చేస్తుంది. క్లియరెన్స్ లేకుండా, ప్రభుత్వ రికార్డుల్లో పేరు లేకుండా ఒక ఇంట్లోకి చేరాక జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, ఆమె ఎక్కడుందో ఎంబసీకి కూడా తెలియదు. ఇక్కడ దోషం వ్యవస్థదీ ఉంది. సక్రమ దారి ఇంత దూరంగా, ఇంత నెమ్మదిగా ఉన్నంతకాలం అడ్డదారికి గిరాకీ తగ్గదు. మండల కేంద్రంలోనే క్లియరెన్స్ దరఖాస్తుకు సాయం దొరికితే, ఏజెంటు లైసెన్స్ కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో గ్రామ సచివాలయంలో చూసి చెప్పగలిగితే చాలామంది ఆగి ఆలోచిస్తారు. లైసెన్స్ ఉన్న ఏజెంటు కూడా చట్టప్రకారం 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదన్న సంగతి తెలిసినవాళ్లే ఊళ్లలో తక్కువ.

అడుగు పెట్టాలని అనుకోని దేశంలో కూడా ఆగిపోవచ్చనడానికి 2023 డిసెంబరు నాటి ఘటన చాలు. యూఏఈలోని ఫుజైరా నుంచి నికరాగువా వెళ్తున్న ఒక అద్దె విమానం ఇంధనం కోసం ఫ్రాన్స్‌లోని వాట్రీలో దిగింది. అందులోని 303 మంది ప్రయాణికుల్లో అత్యధికులు భారతీయులు. మనుషుల అక్రమ రవాణా అనుమానంతో అధికారులు విమానాన్ని ఆపేశారు. కొన్ని రోజులు విమానాశ్రయంలోనే గడిపాక 276 మంది ముంబైకి తిరిగొచ్చారు.

నిరాకరించాక ఏం జరుగుతుంది

మొదట వేరే గదికి తీసుకెళ్తారు. అక్కడ మళ్లీ ప్రశ్నలు, ఫోన్, బ్యాగు తనిఖీ. భాష అర్థం కాకపోతే తెలుగు దుబాసీ కావాలని అడగాలి. అర్థం కాని ప్రశ్నకు తల ఊపితే, ఆ ఊపు కాగితం మీద ఒప్పుకోలుగా మారిపోవచ్చు. అబద్ధం చెప్పడం అన్నిటికంటే ప్రమాదం. కాగితం లోపిస్తే ఈసారికి వెనక్కి పంపుతారు. మోసం చేశారని రాస్తే అమెరికా లాంటి దేశం జీవితాంతం తలుపు మూసేయగలదు.

షెంగెన్ దేశాల్లో నిరాకరణకు కారణం రాతపూర్వకంగా, నిర్ణీత ఫారంలో ఇవ్వాలి. అప్పీలుకు వెళ్లే హక్కూ ఉంది, కానీ అప్పీలు వేసినంత మాత్రాన తిరిగి పంపడం ఆగదు. ఏ దేశంలోనైనా కాగితం అడిగి తీసుకోవాలి, తీసుకున్నదాన్ని జాగ్రత్త చేయాలి. నిర్బంధంలో ఉంచితే భారత కాన్సులేట్‌కు కబురు చేయమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణ ఇస్తోంది. ఎంబసీ నంబరు ఫోన్లోనే కాక చిన్న కాగితం మీద కూడా ఉండాలి, ఎందుకంటే ఫోన్ తీసేసుకోవచ్చు, చార్జింగ్ అయిపోవచ్చు. ఎంబసీ ఆ దేశపు నిర్ణయాన్ని మార్చలేదు. మనిషి ఎక్కడున్నాడో ఇంటికి తెలియజేయగలదు, భాష విషయంలో సాయం చేయగలదు.

తర్వాత ఎక్కడికి పంపుతారన్నది చాలామందికి తెలియని విషయం. 1944 నాటి షికాగో విమానయాన ఒప్పందం తొమ్మిదో అనుబంధం ప్రకారం, ప్రవేశం దొరకని ప్రయాణికుణ్ణి తీసుకొచ్చిన విమాన సంస్థే వెనక్కి తీసుకెళ్లాలి. ప్రయాణం మొదలైన చోటికి గానీ, అతన్ని రానిచ్చే వేరే దేశానికి గానీ. 'ప్రయాణం మొదలైన చోటు' లెక్కించేటప్పుడు ట్రాన్సిట్ ఏరియా దాటకుండా ఆగిన ఊళ్లను వదిలేస్తారు. ఒకే టికెట్ మీద హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లను హైదరాబాద్‌కే తేవాలి. రెండు టికెట్లతో మధ్య దేశంలో బయటికి వచ్చి మళ్లీ ఎక్కినవాళ్లకు ప్రయాణం ఆ మధ్య ఊళ్లోనే మొదలైనట్టు. రెండో విమానం వాళ్లను అక్కడికి తెచ్చి వదలొచ్చు. అప్పటికి విజిట్ వీసా ఒకేసారి ప్రవేశానికి చెల్లేదైతే, ఆ దేశమూ రానివ్వదు. రెండు సరిహద్దుల మధ్య మనిషి ఇరుక్కుపోయేది ఇలాగే.

ఖర్చు ముందు విమాన సంస్థ మీద పడుతుంది. కాగితాలు లేనివాళ్లను తెచ్చినందుకు బ్రిటన్‌లో ఒక్కో ప్రయాణికుడికి 2,000 పౌండ్ల దాకా జరిమానా కూడా ఉంది. అందుకే శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్‌లో అన్ని ప్రశ్నలు అడుగుతారు. టైమాటిక్ అనే సమాచార వ్యవస్థలో పాస్‌పోర్టు, వీసా, దారి చూసి, కుదరదంటే అక్కడే ఆపేస్తారు. అక్కడ ఆగిపోవడం అవమానంగా అనిపిస్తుంది గానీ, పరాయి దేశంలో ఆగడం కంటే అది నయం. ఇదే సమాచారాన్ని చాలా విమాన సంస్థల వెబ్‌సైట్లలో టికెట్ కొనకముందే ఎవరైనా చూసుకోవచ్చు. తిరిగి తెచ్చిన చార్జీని ప్రయాణికుడి నుంచి రాబట్టుకునే షరతు టికెట్ నిబంధనల్లో ఉంటుంది, వాడని తిరుగు టికెట్‌ను దానికి సర్దుకుంటారు.

తిరిగి పంపేటప్పుడు పాస్‌పోర్టు చేతికివ్వకుండా విమాన సిబ్బందికి అప్పగించడం మామూలే. తర్వాత ఏ దేశపు వీసా ఫారం నింపినా "ఎక్కడైనా ప్రవేశం నిరాకరించారా" అన్న ప్రశ్న వస్తుంది. అవునని రాసి కారణం చెప్పుకోవాలి. ఎయిర్‌పోర్టులో విమానం మారే దారి తప్పుగా కట్టిన టికెట్ వల్ల ఆగిపోయామని, కాగితాల సాక్ష్యంతో రాస్తే అర్థం చేసుకునే అవకాశం ఉంటుంది. దాచిపెడితే అదే పెద్ద నేరంగా మారుతుంది.

టికెట్ అమ్మినవాళ్ల మీద ఏం చేయొచ్చు? 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నవాళ్లు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు, ఏజెంటు ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. నిలబడేది సాక్ష్యం. ట్రాన్సిట్ వీసా అవసరమా, సామాను చివరిదాకా వెళ్తుందా, రెండు విభాగాలూ ఒకే పీఎన్ఆరా అన్న మూడు ప్రశ్నలను డబ్బు కట్టకముందే వాట్సాప్‌లో అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి. డబ్బు చేతికివ్వకుండా యూపీఐలోనో బ్యాంకు ద్వారానో కట్టి రసీదు ఉంచుకోవాలి. ఆ మూడు ప్రశ్నలకు రాతలో జవాబు ఇవ్వడానికి నసిగే చోట టికెట్ కొనకుండా పక్క ఆఫీసుకు వెళ్లడం మంచిది.